ఫ్రీ స్టేట్ పైపు

6 జనవరి 2024, శనివారం, డబ్లిన్

చర్చి హాల్లో పెట్టే పాత సామాన్ల అంగడికి వెళ్లాను. పండగలు వెళ్లిన వారం కదా, జనం పల్చగా ఉన్నారు. చెంచాలూ ఫోర్కులూ కలగలిపి పోసిన చెక్క పెట్టె అడుగున మూడు పైపులు దొరికాయి. ఒకదాని గిన్నె అడుగు కాలి బీటలిచ్చింది. ఇంకొకటి అల్మారాలో పెట్టుకోవడానికి చేసిన బొమ్మ సరుకు. ఆ రెండూ పక్కన పెట్టేశాను. మూడోది వంపు పైపు. గిన్నె అంచు మసి కట్టింది, నోట్లో పెట్టుకునే స్టెమ్ ఆకుపచ్చా గోధుమా కాని రంగుకు తిరిగింది, కాడ చివర పొన్ను నల్లగా ఉంది.

పాత పైపు చేతికి రాగానే చాలామంది గిన్నెలోకి తొంగి చూస్తారు. నేను కాడ పక్కలు చూస్తాను. బొటనవేలితో తుడిస్తే ఒక పక్క ‘పీటర్సన్స్ సిస్టమ్’ అని, రెండో పక్క ‘మేడ్ ఇన్ ఐరిష్ ఫ్రీ స్టేట్’ అని ముద్రలు తేలాయి. గుండె ఝల్లుమంది.

ఆ పేరుగల దేశం ఇప్పుడు లేదు. 1922 డిసెంబరులో పుట్టింది. 1937 డిసెంబరులో కొత్త రాజ్యాంగం రావడంతో ఆ పేరు పోయింది. 1949లో రిపబ్లిక్ అయింది. దేశం పేరు మారినప్పుడల్లా ఈ పైపు చేసిన పీటర్సన్ కంపెనీ వాళ్లు కూడా పైపు మీద ముద్ర మార్చుకుంటూ వచ్చారు. కాబట్టి ఈ రెండో పక్క ముద్ర ఉన్నంతకాలం ఈ పైపు తన వయసు తానే చెప్పుకుంటుంది. ఇంచుమించు తొంభై ఏళ్లది. అమ్మే ఆవిడ ముప్పై యూరోలు అడిగింది, బేరమాడబుద్ధి కాలేదు.

7 జనవరి, ఆదివారం

పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో పొన్ను చూశాను. వెండే. డబ్లిన్ స్వర్ణకారుల సంఘానికి రాజపత్రం వచ్చింది 1637లో. అప్పటినుంచీ ఇక్కడి వెండిని పరీక్షించి ముద్ర వేసే పని వాళ్లదే. ఆ ముద్రల్లో కూర్చున్న హైబర్నియా స్త్రీమూర్తి ఉంటుంది, కిరీటం ఉన్న హార్ప్ ఉంటుంది, ఏడాదికోసారి మారే ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరం చూసి పట్టికతో పోల్చుకుంటే ఏ సంవత్సరమో తేలిపోతుంది.

ఈ పైపు మీద హైబర్నియా తలా భుజాలూ మిగిలాయి. హార్ప్ ఆనవాలుగా ఉంది. అక్షరం ఉండాల్సిన చోట నున్నటి మచ్చ. ఎవరో తళతళలాడించాలనుకుని మోటారు చక్రానికి ఆనించి రుద్దేశారు. అడ్డంగా పడిన సన్నటి గీతలు భూతద్దంలో ఇంకా కనిపిస్తున్నాయి. కోపం వచ్చింది. మనిషి పుట్టిన తేదీని కాగితం మీదనుంచి చెరిపేసే హక్కు ఎవరికీ లేదంటాం కదా, వస్తువుకు మాత్రం ఎందుకు చేస్తాం? అదృష్టం బాగుండి ఆ చేయి కర్ర దాకా రాలేదు. అందుకే దేశం పేరు మిగిలింది.

నికెల్ పొన్నులున్న పీటర్సన్ల మీద కూడా మూడు గుర్తులుంటాయి: షామ్‌రాక్ ఆకు, వేటకుక్క, గుండ్రటి రాతి బురుజు. అవి కంపెనీ సొంత గుర్తులు, వెండితో వాటికి సంబంధం లేదు. తెలియక వాటిని వెండి అని కొనేవాళ్లూ ఉన్నారు, తెలిసీ అలాగే అమ్మేవాళ్లూ ఉన్నారు.

న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన కాప్ సోదరులు 1870లలో గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో పైపుల దుకాణం పెట్టారు. రీగా నుంచి వచ్చిన చార్లెస్ పీటర్సన్ అనే పనివాడు వాళ్లతో చేరి, తర్వాత భాగస్తుడయ్యాడు. జర్మన్లూ లాత్వియా మనిషీ కలిసి ఐర్లాండ్ పేరు నిలిపే వస్తువు చేశారు. పరాయి ఊరిలో బతికే నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా బలమిస్తుంది. పీటర్సన్ 1919లో పోయాడు. నా చేతిలో ఉన్న ముద్రను ఆయన చూడలేదు.

10 జనవరి, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక గిన్నె గీకాను. లోపల బొగ్గు పొర ఎంత మందం పేరుకుందంటే చిటికెన వేలు కూడా దూరలేదు. కొంచెం పొర ఉంటే మంచిదే, కర్రను మంట నుంచి కాపాడుతుంది. ఒక మిల్లీమీటరు దాటితే అది వేడికి ఉబ్బి గిన్నెను లోపలి నుంచి చీలుస్తుంది. గీకే రీమర్‌ను ఒత్తకుండా, తిప్పుతూ తిప్పుతూ పొర పొరగా దించాను. పాత గిన్నెల్లో గోడ సన్నబడిన చోటు ఉంటే అక్కడ శబ్దం మారుతుంది. ఇందులో మారలేదు.

ఈ పైపు కర్ర బ్రయర్. అది ఎరికా ఆర్బోరియా అనే పొద వేరుకూ కాండానికీ నడుమ నేలలో పెరిగే గడ్డ. మధ్యధరా తీరపు కొండల్లో, కార్సికా, సార్డీనియా, కలాబ్రియా, అల్జీరియాల్లో దొరుకుతుంది. కార్చిచ్చు వచ్చి పైనున్న పొదంతా కాలిపోయినా ఆ గడ్డ మిగిలి మళ్లీ చిగురిస్తుంది. మంట పెట్టే గిన్నెకు అంతకంటే తగిన కర్ర ఏముంటుంది? తవ్విన గడ్డను గంటల తరబడి ఉడకబెట్టి, లోపలి పసరు పోగొట్టి, నెలల తరబడి నీడన ఆరబెడతారు. ఆ కర్రతో పైపులు చేసే పని ఫ్రాన్స్‌లో జూరా కొండల మధ్య సెయింట్ క్లోడ్ ఊళ్లో 1850ల నుంచీ పెద్దయెత్తున సాగింది. అంతకుముందు పైపంటే ప్రధానంగా మట్టిది, లేదా మీర్‌షామ్ రాయిది.

15 జనవరి, సోమవారం, సంక్రాంతి

అన్నయ్యకు ఫోన్ చేశాను.

“ఏరా, పండగ చేసుకున్నారా?”

“చేసుకున్నాం అన్నయ్యా. అరిసెలు కొనుక్కొచ్చాం. పొగాకు రెలుపులు ఎంతదాకా వచ్చాయి?”

“ఎక్కడ! మిగ్‌జాం తుపాను నీళ్లు నిలిచి చేలో సగం పోతే మళ్లీ నాటాం కదా. ఈ ఏడు బ్యారన్ ఆలస్యంగా ముట్టిస్తాం. కర్ర ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.”

ఒంగోలు దగ్గర మా ఊళ్లో, వర్జీనియా పొగాకు ఎండబెట్టే బ్యారన్ పక్కనే నేను పెరిగాను. పచ్చి ఆకును కర్రలకు అల్లి లోపల వరసలుగా ఎక్కిస్తే, మొదట ముప్పై అయిదు డిగ్రీల దగ్గర ఆకు పసుపు పండుతుంది. అప్పుడే ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచుకుంటూ పోయి, చివర డెబ్బై డిగ్రీల దగ్గర ఈనె కూడా పెళుసుగా ఎండేదాకా ఉంచుతారు. అయిదారు రోజులు, రాత్రీ పగలూ మంట చూడాలి. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, నిద్రపోతే నల్లబడుతుంది. నాన్న గోడలోని గాజు పలక లోంచి థర్మామీటరు చూసి, మాటల్లేకుండా వెళ్లి పొయ్యిలో కర్ర సర్దేవారు. ఈ దేశంలో పైపు కాల్చే ముసలివాళ్లు “వర్జీనియా తియ్యగా ఉంటుంది” అంటుంటే, ఆ తీపి బ్యారన్‌లో ఏ రోజున వస్తుందో తెలిసినవాణ్ణి వాళ్ల మధ్య నేనొక్కణ్ణేనని అనుకుంటాను.

పొగాకు ఊసు వచ్చింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. పీటర్సన్ తన సిస్టమ్ పైపుకు పేటెంటు తీసుకున్నది 1890లో. అదే ఏడు కానన్ డాయల్ ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ పుస్తకంగా వచ్చింది. అందులో షెర్లాక్ హోమ్స్ తాను పొగాకు బూడిదల మీద రాసిన వ్యాసం గురించి చెబుతూ మన గోదావరి లంక చుట్టను పేరు పెట్టి ప్రస్తావిస్తాడు. లంకల్లో పండిన ఆకు లండన్ కథలోకి వెళ్లిందంటే ఆ రోజుల్లో దాని పేరు ఎంత పాకిందో! అన్నయ్యకు చెబితే, “లంకోళ్లకు అప్పుడైనా మంచి ధర వచ్చిందా మరి?” అన్నాడు. రైతు అడిగే మొదటి ప్రశ్న అదే, న్యాయమైన ప్రశ్న.

20 జనవరి, శనివారం

నిన్న సాయంత్రం నుంచీ కాడ లోపలి పని. సిస్టమ్ పైపు కిటుకంతా అక్కడే ఉంది. గిన్నె నుంచి పొగ వచ్చే రంధ్రానికి దిగువన, కాడలోనే చిన్న గుంట తొలిచి ఉంటుంది. పొగలోని తేమ చల్లబడి ఆ గుంటలోకి జారుతుంది, నోటికి పొడి పొగ వస్తుంది. స్టెమ్ పొన్నులోకి బిగుతుగా దిగేదే తప్ప మరలు లేవు. కాబట్టి వేడిగా ఉన్నప్పుడే లాగి, గుంటలో చేరిన నీరు ఒంపేసి మళ్లీ పెట్టుకోవచ్చు. మామూలు పైపు వేడి మీద విప్పితే కాడ విరిగే ప్రమాదం ఉంది.

తొంభై ఏళ్ల నల్లటి జిగురు ఆ గుంటలో గట్టిపడి ఉంది. ఆల్కహాల్‌లో ముంచిన పైపు క్లీనర్లు ఒకటి తర్వాత ఒకటి నల్లగా బయటికొచ్చాయి. తర్వాత గిన్నెలోనూ కాడలోనూ దూది కూరి, చుక్కచుక్కగా ఆల్కహాల్ పోసి రాత్రంతా నిలబెట్టాను. తెల్లారేసరికి దూది కషాయం రంగుకు తిరిగింది. కొందరు దూదికి బదులు ఉప్పు పోస్తారు. నేను పోయను. ఉప్పు తేమ పీల్చి ఉబ్బి పాత కర్రను చీల్చిన సందర్భాలు చెబుతారు, దూదితో అదే పని జరుగుతున్నప్పుడు ఆ జూదం దేనికి?

వాసన పూర్తిగా పోలేదు. పోనక్కర్లేదు కూడా. పుల్లటి వాసన పోయి పాత పొగాకు వాసన మిగిలితే అక్కడ ఆపాలి.

28 జనవరి, ఆదివారం

రోజంతా స్టెమ్‌తోనే గడిచింది. వల్కనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఎండా తేమా తగిలితే ఆ గంధకం పైకి వచ్చి స్టెమ్ రంగు మారుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి నానబెడితే ఆ పొర మెత్తబడుతుంది, గుడ్డతో రుద్దితే గోధుమరంగు మురికి దిగుతుంది, గదంతా గంధకం కంపు. పొన్నులోకి దిగే చివరకు ముందే మైనం పూశాను, అక్కడ అరుగుదల వస్తే స్టెమ్ వదులైపోతుంది.

పంటి గుంటలు పైనా కిందా ఉన్నాయి. కింది పంటి గుంట లోతైనది. వల్కనైట్‌కు ఒక గొప్ప గుణం ఉంది: అచ్చులో పోసినప్పటి ఆకారం దానికి జ్ఞాపకం ఉంటుంది. దీపం సెగకు కొంచెం దూరంగా, ఆపకుండా తిప్పుతూ ఉంటే గుంట తనంతట తానే పైకి లేస్తుంది. కళ్లముందే లేచింది. ఎన్ని పైపులకు చేసినా ఈ క్షణం నాకు పాతబడదు. లోతైన గుంట పూర్తిగా లేవలేదు. బొగ్గు పొడి కలిపిన జిగురు నింపి ఆకురాయితో సమం చేశాను.

ఇక్కడ నా లెక్క ఒకటి రాసుకోవాలి. ముద్ర చెరపకూడదనే నేను పంటి గుంటలు ఎందుకు లేపుతున్నాను? అవీ ఒక మనిషి వదిలిన ఆనవాళ్లే కదా. నా సమాధానం: గుంట దగ్గర గోడ పల్చబడితే ఇంకొన్నాళ్లకు చిల్లి పడుతుంది, చిల్లి పడితే స్టెమ్ పారేస్తారు. వస్తువు బతకడానికి అడ్డొచ్చేదాన్ని సరిచేయాలి. అడ్డురానిదాన్ని వదిలేయాలి. గిన్నె అంచు ఒక పక్కనే కాలి నల్లబడి ఉంది. ఆ మనిషి ఎప్పుడూ అటువైపు నుంచే అగ్గిపుల్ల వంచేవాడన్నమాట. గరుకు కాగితం మీద గిన్నెను బోర్లించి అరగదీస్తే నిమిషంలో ఆ మచ్చ పోతుంది, దాంతోపాటు గిన్నె ఎత్తూ తగ్గుతుంది, పనివాడు గీసిన వంపూ పోతుంది. అక్కడ తడి గుడ్డతో జిడ్డు తుడిచి వదిలేశాను.

నోటి చివర పీ-లిప్ ఉంది, 1898 నాటి పేటెంటు. పొగ రంధ్రం తిన్నగా కాకుండా పైకి తెరుచుకుంటుంది, పొగ నాలుక మీద పడకుండా అంగిటి వైపు వెళ్తుంది. ఆ అంచులు గుండ్రబడితే పీ-లిప్ అందం అంతా పోతుంది. అందుకే మైక్రోమెష్ ముక్కలను చిన్నగా కత్తిరించి 1500 నుంచి 12000 దాకా వరసగా, వేలికొసతోనే రుద్దాను. సాయంత్రానికి నల్లటి నిగారింపు వచ్చింది.

4 ఫిబ్రవరి, ఆదివారం

వాన తెరిపిచ్చాక పెరట్లో మట్టి తిరగేస్తుంటే తెల్లటి గొట్టం ముక్క దొరికింది, చిటికెన వేలంత పొడవు. మట్టి పైపు కాడ. ఇలాంటివి ఈ దేశంలో ఎక్కడ తవ్వినా దొరుకుతాయి. కడిగి నా సీసాలో వేశాను.

రోస్‌కామన్ జిల్లాలో నాక్‌క్రోగరీ అనే ఊరు దాదాపు మూడు వందల ఏళ్లు మట్టి పైపులు చేసి దేశమంతా పంపింది. 1921 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వపు బ్లాక్ అండ్ టాన్స్ దళం ఆ ఊరిని తగలబెట్టింది. బట్టీలు పోయాయి, ఆ పనీ అక్కడితో ఆగింది. ఒకప్పుడు ఈ దేశంలో, ఇంట్లో శవం ఉన్న రాత్రి వచ్చినవాళ్లందరికీ పొగాకు నింపిన మట్టి పైపులు పళ్లెంలో పెట్టి ఇచ్చేవారట. పైపు అందుకున్నవాళ్లు పోయినవారి ఆత్మకు శాంతి కోరి ముట్టించేవారు. ధనవంతుల వెండి పొన్ను పైపుల కథ పుస్తకాల్లో వివరంగా ఉంది. ఈ విరిగిన ముక్కల్ని ఎవరు కాల్చారో ఎవరికీ తెలియదు. నా సేకరణలో వీటికి చోటు తగ్గించను.

14 ఫిబ్రవరి, బుధవారం

ఈరోజు యాష్ వెన్స్‌డే. ఇక్కడ పొగ మానేయమని ప్రచారం చేసే రోజు కూడా ఇదే. మా పెదనాన్న జీవితమంతా చుట్ట కాల్చి నోటి కేన్సర్‌తో పోయారు. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిళ్లు ఎలా దెబ్బతింటాయో విశాఖ డాక్టర్లు ఏనాడో రాశారు. పైపు పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ఫరవాలేదనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పీల్చకపోయినా నోటికీ గొంతుకూ కేన్సర్ ముప్పు ఉంది. అందుకే నా ఆనందంలో ఎక్కువ భాగం ముట్టించని పైపులోనే ఉండేట్టు చూసుకుంటాను. కొత్తగా బాగుచేసినదాన్ని ఒకసారి కాల్చి చూస్తాను, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియడానికి. అలవాటు కానివ్వను. ఇరవై ఏళ్ల కుర్రవాడు వచ్చి “నేర్పండి అంకుల్” అంటే పైపు బాగుచేయడం నేర్పుతాను, కాల్చడం నేర్పను.

25 ఫిబ్రవరి, ఆదివారం

పొన్నును మెత్తటి నూలు గుడ్డతో మాత్రమే తుడిచాను. పాలిష్ లేదు, పేస్టు లేదు. గుర్తుల అంచుల్లో నలుపు మిగిలింది. ఆ నలుపు ఉన్నందువల్లే హైబర్నియా భుజం కనిపిస్తోంది. అదీ తోమేస్తే ఇక కళ్లకు ఏమీ ఆనదు.

తర్వాత కర్నూబా మైనం. బ్రెజిల్‌లో ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీంచి తీస్తారు దీన్ని. ఎనభై డిగ్రీలు దాటితేగాని కరగదు కాబట్టి చేతి వేడికి అంటుకోదు, పైపుకు తగిన మైనం. గిన్నెకు తిరిగే గుడ్డ చక్రం మీద పట్టించాను. కాడ మీద ముద్రలున్న రెండు పక్కలా చక్రం ఆనించకుండా, వేలికి గుడ్డ చుట్టుకుని రుద్దాను. మసి కింద ఇన్నాళ్లూ దాగిన చెక్క గీతలు, జ్వాలల్లా పైకి ఎగసినవి, బయటపడ్డాయి.

మధ్యాహ్నం మన ఊరి వైపు స్నేహితుడొకరు వచ్చి చూసి, “ఇంత కష్టపడ్డావు, ఆ అంచు మచ్చ కూడా తీసేస్తే కొత్తదానిలా ఉండేది కదా” అన్నాడు. కొత్తది కావాలంటే దక్షిణ డబ్లిన్‌లో శాలినోగిన్ కార్ఖానాలో ఇప్పటికీ చేస్తున్నారు, వెళ్లి కొనుక్కోవచ్చు. ఫ్రీ స్టేట్ ముద్రతో మాత్రం ఇక ఎవరూ చెయ్యలేరు. అదే చెప్పాను. అతను పైపును మళ్లీ చేతిలోకి తీసుకుని, ఈసారి కాడ పక్కకు తిప్పి చదివాడు.

10 మార్చి, ఆదివారం

పెరట్లో కూర్చుని ముట్టించాను. సగం గిన్నె వర్జీనియా, అందులో చిటికెడు సైప్రస్ లటాకియా. లటాకియా ఆకును సువాసన పొదల పొగలో ఆరబెడతారు, మా అమ్మమ్మ వంటింటి దూలాల వాసన వస్తుంది. మొదటి మంట ఎప్పుడూ పైపైనే. పొడి ఆకు ఉబ్బి లేస్తుంది, దాన్ని మెత్తగా అదిమి రెండోసారి వెలిగించాలి. ఆ తర్వాత ఊపిరి తీసినట్టు కాకుండా చప్పరించినట్టు, మధ్యమధ్య ఆగుతూ కాల్చాలి. గిన్నె చేతికి వేడెక్కిందంటే తొందరపడుతున్నామని అర్థం.

సిస్టమ్ పనిచేసింది. గుడగుడ లేదు, నాలుక మంట లేదు. మధ్యలో స్టెమ్ లాగి గుంటలో చేరిన రెండు చుక్కలు గడ్డి మీద ఒంపాను. వర్జీనియా తీపి సగం దూరం పోయాక వచ్చింది. చల్లారాక క్లీనర్ దూర్చి తుడిచి, విప్పి, అల్మారాలో నా మీర్‌షామ్ పైపు పక్కన పెట్టాను. ఆ మీర్‌షామ్ టర్కీలో ఎస్కిషెహిర్ నేల నుంచి తీసిన రాయి, పొగకు తేనెరంగు తిరుగుతోంది. కొన్నాళ్లు రెండూ విశ్రాంతి తీసుకుంటాయి.

29 మార్చి, శుక్రవారం

ఐర్లాండ్‌లో పనిచేసే చోట్లన్నిటా, పబ్బులతో సహా, పొగ నిషేధించి ఈరోజుకు ఇరవై ఏళ్లు. దేశమంతటికీ అలాంటి చట్టం మొదట తెచ్చింది ఈ దేశమే. పైపులకు పేరు పడ్డ దేశం ఇలాంటి చట్టానికీ ముందు నిలబడింది. మంచి చట్టం. బల్లలు తుడిచే పిల్లలు ఇంకొకరి పొగ పీల్చనక్కర్లేదు.

అమ్మాయీ, ఈ పుస్తకం ఎప్పుడో నీ చేతికి వస్తుంది, అల్మారా కూడా. నీకు పైపుల మీద ఆసక్తి లేదని తెలుసు, ఉండాలనీ లేదు. అమ్మేసినా నాకు అభ్యంతరం లేదు. కొనేవాళ్లకు ఈ మాటలు మాత్రం చెప్పు. వెండి పొన్నుల్ని యంత్రం చక్రానికి పెట్టవద్దు. కాడ మీద అక్షరాలున్న చోట గరుకు కాగితం తగలనివ్వవద్దు. స్టెమ్‌లను ఎండలో ఉంచవద్దు. ప్రతి పైపు సంచిలో నేను పెట్టిన చీటీని పైపుతోపాటే ఇవ్వు. ఎక్కడ కొన్నాను, ఏం సరిచేశాను, ఏది కావాలని వదిలేశాను, అన్నీ అందులో రాశాను. మట్టి ముక్కల సీసాను డబ్బు తీసుకోకుండా ఎవరైనా బడి టీచరుకు ఇచ్చేయి.